ఆరు నెలల వీసాకు తొమ్మిది లక్షల అప్పా?

జగిత్యాల జిల్లా నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. పొడుగ్గా ఉంది కాబట్టి అవసరమైనంత వరకే ఇస్తున్నాను.

"నా వయసు 34. ఎనిమిదో తరగతి దాకా చదివాను. దుబాయిలో ఆరేళ్లు పనిచేసి 2021లో వచ్చేశాను. ఎకరన్నర పొలం ఉంది, మక్క, వరి వేస్తాం. ట్రాక్టర్ నడిపితే నెలకు 12 వేల దాకా వస్తాయి. నా భార్య బీడీలు చుడుతుంది, పింఛనుతో కలిపి ఆమెకు ఆరు వేలు. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు 14 వేలు. ఇంగ్లండులో స్ట్రాబెర్రీ తోటలో పని ఉందని, తోట యజమానే వీసా స్పాన్సర్ చేస్తాడని ఏజెంటు చెబుతున్నాడు. ఐదేళ్లు చేస్తే పర్మనెంటట, తర్వాత భార్యాపిల్లలను తీసుకుపోవచ్చట. టికెట్‌తో కలిపి 9 లక్షలు. ఫైనాన్స్ ఆయన 5 లక్షలు మూడు రూపాయల మిత్తికి ఇస్తానన్నాడు, కానీ పొలం ఆయన పేరు మీద రిజిస్ట్రేషన్ చేయాలి, బాకీ తీరినంక తిరిగి చేస్తాడు. బంగారం మీద రెండున్నర లక్షలు వస్తాయి. రెండు లక్షల చిట్టీలో ఎనిమిది నెలలు కట్టాను, ఇప్పుడు ఎత్తితే లక్షన్నర. పాస్‌పోర్టు ఇచ్చేశాను, పండగ లోపు లక్ష అడ్వాన్సు కట్టమన్నాడు. మూడు రూపాయల మిత్తి ఎక్కువ అనిపిస్తోంది. తక్కువ వడ్డీకి లోను ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరు."

లోను ఎక్కడ దొరుకుతుందో నేను చెప్పను. రూపాయి మిత్తికి దొరికినా ఈ అప్పు చేయొద్దనే చెబుతాను.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరు కెనడా అంటారు, ఇంకొకరు పోలండ్ అంటారు, ప్రశ్న మాత్రం ఒకటే: డబ్బు ఎక్కడ పుడుతుంది? మనిషి విమానం ఎక్కిన మర్నాడు ఇంట్లో చేతిఖర్చుకు ఎంత ఉంటుందని అడిగినవారు ఇంతవరకు లేరు. మీరూ అడగలేదు. మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం అదే.

మీ ఉత్తరంలోనే అత్యవసర నిధి ఉంది. దానికి ఆ పేరు ఉందని మీకు తెలియదు, అంతే. పిల్లాడికి డెంగీ వస్తే ఆస్పత్రిలో కట్టేది చిట్టీ డబ్బు. అది చాలకపోతే బంగారం. అదీ చాలకపోతే పొలం. మీ కుటుంబానికి ఉన్న అడ్డుగోడలు ఈ మూడే. మూడింటినీ ఒకే వారంలో తీసి ఏజెంటు చేతిలో పెడుతున్నారు. ఆ తర్వాత ఇంట్లో మిగిలేది మీ భార్య ఆరు వేలు.

ముందు వీసా సంగతి. ఏజెంటు చెబుతున్నది బ్రిటన్ సీజనల్ వర్కర్ వీసా. అది నిజంగానే ఉంది, చట్టబద్ధమైనదే. కానీ పండ్లు, కూరగాయలు, పూల తోటల్లో పనికి ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలు ఇస్తారు. ఆ తర్వాత తిరిగి రావాల్సిందే. అక్కడే ఉండి వేరే వీసాకు మారడం కుదరదు, కుటుంబాన్ని తీసుకెళ్లడం కుదరదు, ఎన్ని సీజన్లు వెళ్లొచ్చినా పర్మనెంటుకు దారి లేదు. ఐదేళ్ల మాట స్కిల్డ్ వర్కర్ వీసాది. 2025 జూలై 22 నుంచి దానికి డిగ్రీ స్థాయి ఉద్యోగం ఉండాలి, తోటలో కాయలు కోసే పని అందులోకి రాదు. ఏజెంటు ఒక వీసా అమ్ముతూ ఇంకో వీసా కథ చెబుతున్నాడు.

"తోట యజమానే స్పాన్సర్" అన్నదీ తప్పే. ఈ వీసాలో తోటలు నేరుగా స్పాన్సర్ చేయవు. బ్రిటన్ ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కంకార్డియా, హాప్స్ లాంటి కొద్ది సంస్థలే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తాయి. ఏ తోట లెటర్‌హెడ్ మీదో కాగితం చూపిస్తే దానికి విలువ లేదు. పని ఇప్పించినందుకు కూలీ దగ్గర డబ్బు తీసుకోవడం అక్కడి చట్టం ప్రకారం నేరం. ఇక్కడ కూడా విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగేది 30 వేలు, దాని మీద జీఎస్టీ. మొత్తం 35,400. మీ ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఉందో లేదో చూశారా? చూడలేదనే అనుకుంటున్నాను. చూసిన మనిషి తొమ్మిది లక్షలకు ఒప్పుకోడు.

సరే, వీసా నిజమే అనుకుందాం, పని కూడా దొరికిందనుకుందాం. లెక్క వేద్దాం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా అక్కడి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు, ఆ ఏడాది లెక్కే వేస్తున్నాను. ఈ వీసా మీద వచ్చినవారికి వారానికి 32 గంటల జీతం గ్యారంటీగా ఇవ్వాలి. అంటే 391 పౌండ్లు. అందులో ఉండడానికి ఇచ్చే కారవాన్‌కు (చక్రాల మీద ఉండే చిన్న ఇల్లు) రోజుకు 10.66 దాకా కోసుకోవచ్చు, వారానికి దాదాపు 75. నేషనల్ ఇన్సూరెన్స్ అని అక్కడి ప్రభుత్వం జీతంలో కోసుకునేది 12. తిండికి, ఫోనుకు ఎంత పొదుపుగా ఉన్నా 60. మిగిలేది 244. ఇరవై ఆరు వారాలూ ఒక్క వారం కూడా పోకుండా పని దొరికితే 6,350 పౌండ్లు. పౌండుకు 115 రూపాయలు వేసుకుంటే 7 లక్షల 30 వేలు. పని బాగా ఉండి వారానికి 40 గంటలు చేస్తే దాదాపు 10 లక్షలు.

ఇప్పుడు అప్పు వైపు. 5 లక్షలకు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 15 వేలు. ఏడాదికి నూటికి 36. వీసా కోసం మూడు నెలలు, అక్కడ ఆరు నెలలు, మొత్తం తొమ్మిది నెలలకు 1 లక్షా 35 వేలు. బంగారం మీద నూటికి 12 చొప్పున ఇంకో 22 వేలు. అసలు 9 లక్షలతో కలిపితే 10 లక్షల 57 వేలు. ఇందులో ఇంటి ఖర్చు లేదు, చిట్టీ ఎత్తాక కట్టాల్సిన పన్నెండు వాయిదాలు లేవు.

వారానికి 40 గంటలు ఆరు నెలలు నడుం వంచి పనిచేసినా మీరు తిరిగి వచ్చేసరికి అప్పు మిగిలే ఉంటుంది. 32 గంటలే దొరికితే మూడు లక్షల పైచిలుకు నష్టం. సీజను మధ్యలో ఆగితే ఇక చెప్పక్కర్లేదు. తోట పని వానకు, ఎండకు, చలికి ఆగుతుందని మీకు నేను చెప్పాలా? 2022లో ఇండోనేషియా నుంచి, నేపాల్ నుంచి అప్పులు చేసి అక్కడికి వెళ్లిన కూలీల కథలు పేపర్లలో వచ్చాయి. వాళ్ల వీసాలు అసలైనవే, జీతాలూ అసలైనవే. మధ్యలోవాళ్లకు కట్టిన డబ్బే వాళ్లను ముంచింది.

ఇక నా పాత పాట. ఇంట్లోంచి దూరంగా పనికి వెళ్లే ప్రతి మనిషికీ నేను ఇదే చెబుతాను, వెళ్లేది హైదరాబాదుకైనా ఇంగ్లండుకైనా. బయలుదేరే రోజున మీ భార్య ఖాతాలో ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆ ఆరు నెలలు కట్టాల్సిన వాయిదాలు ఉండాలి. మీ లెక్కలో ఇంటికి 84 వేలు, చిట్టీకి 60 వేలు, మొత్తం 1 లక్షా 44 వేలు. ఇది అప్పు తెచ్చిన డబ్బు కాకూడదు. మీ ఖాతాలో కాదు, ఆమె ఖాతాలో, ఏటీఎం కార్డు ఆమె చేతిలో. జాయింటు అకౌంటు అయినా మంచిదే. మీరు అక్కడ ఉండగా ఫోను పోయి ఓటీపీ రాకపోతే ఇక్కడ పాల బిల్లు ఆగకూడదు.

నా మాట చాదస్తం అనిపిస్తే బ్రిటన్ ప్రభుత్వం మాట వినండి. ఈ వీసాకు దరఖాస్తు చేసేవారి ఖాతాలో 1,270 పౌండ్లు వరసగా 28 రోజులు ఉండాలి, లేదా స్పాన్సర్ పూచీ పడాలి. మన డబ్బులో 1 లక్షా 46 వేలు. నేను అడిగిన నిధికి దాదాపు సమానం. వచ్చిన మొదటి నెల చేతిలో డబ్బు లేని కూలీ ఏమవుతాడో వాళ్లకు తెలుసు కాబట్టే ఆ నిబంధన. మీకు ఆ డబ్బును ఏజెంటే "చూపించి" పెడతానని ఉంటాడు. అప్పు తెచ్చి 28 రోజులు చూపించి తీసేసే డబ్బుతో మీ ఇంటి కష్టం తీరదు.

ఆ నిధి మీకు అందుబాటులోనే ఉంది. చిట్టీ ఎత్తకండి. చివరి దాకా కడితే కంపెనీ కమిషన్ పోను దాదాపు రెండు లక్షలు వస్తాయి, ఏడాదిలో మీ అత్యవసర నిధి నిండిపోతుంది. (రిజిస్టర్డ్ చిట్టీయా, ఊళ్లో ఎవరో నడిపేదా రాయలేదు. రెండోదైతే దాని గురించి నాకు వేరే టెన్షన్ ఉంది.) చేతికొచ్చాక ఆ డబ్బును బ్యాంకులోనో పోస్టాఫీసులోనో డిపాజిట్ వేసి మరిచిపోండి.

పొలం రిజిస్ట్రేషన్ సంగతి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. దాన్ని మీరు కుదువ అనుకుంటున్నారు. కాగితం మీద అది అమ్మకం. తిరిగి చేస్తానన్నది నోటిమాట. ఫైనాన్స్ ఆయన మనసు మార్చుకున్నా, రేపు ఆయనకేమైనా అయి కొడుకులు కాదన్నా మీరు కోర్టు చుట్టూ తిరగాలి. ఇంకో సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. పట్టా మీ పేరు మీంచి పోగానే ఎకరానికి 12 వేల చొప్పున ఏటా వచ్చే రైతు భరోసా 18 వేలు ఆయనకు పోతాయి. రైతు బీమా కూడా పోతుంది. మీ ప్రాణానికి ఇప్పుడు ఉన్న ఒకే ఒక్క బీమా ఆ 5 లక్షలు. మీరు పరాయి దేశంలో ఉండబోయే ఆరు నెలల ముందు దాన్ని రద్దు చేసుకుంటున్నారన్నమాట.

బీమా గురించి ఇంకో మాట. ఆరు నెలల వీసాకు బ్రిటన్‌లో హెల్త్ సర్‌ఛార్జి కట్టించుకోరు. ఏజెంట్లు ఇది లాభంలా చెబుతారు. కట్టలేదు కాబట్టి అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో చేర్చుకుంటే బిల్లు మీకే పడవచ్చు. ఎమర్జెన్సీ విభాగంలో చూడడం మాత్రం ఉచితం, వార్డుకు మార్చాక కాదు. ఎప్పుడు వెళ్లినా ఆరు నెలలకు వైద్య ఖర్చులుండే ట్రావెల్ పాలసీ తీసుకోండి, మాన్యువల్ పనికి వెళ్తున్నానని అందులో రాయించండి. దాయకండి, దాస్తే క్లెయిము రాదు. ఇక్కడ టర్మ్ పాలసీ తీసుకోవాలి. చదువు, ఆదాయం కాగితాలు చూసి కొన్ని కంపెనీలు పెద్ద మొత్తం ఇవ్వకపోవచ్చు, ఎంత ఇస్తే అంత తీసుకోండి. అది వచ్చేలోపు రేపే బ్యాంకుకు వెళ్లి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమాలు రెండూ చేయించండి. ఏడాదికి 436, 20 రూపాయలు. రెండూ కలిపినా మీ ఫైనాన్స్ ఆయన ఒక్క రోజు మిత్తి కంటే తక్కువ.

వెళ్లాలన్న కోరికను నేను తప్పు పట్టను. దుబాయిలో ఆరేళ్లు చేసిన మనిషికి దూరం భయం ఉండదు. సరైన దారిలో వెళ్తే వీసా ఫీజు, 2025 లెక్కన, 319 పౌండ్లు, అంటే 37 వేలలోపు. రానుపోను టికెట్, రిజిస్టర్డ్ ఏజెంటు ఉంటే ఆయన ఫీజు, అన్నీ కలిపినా రెండు లక్షల్లోపే. ఆ సొమ్ము సొంతంగా కూడితే, ఇంట్లో ఆరు నెలల నిధి పక్కన ఉంటే వెళ్లండి, నేనే శుభాకాంక్షలు చెబుతాను. హైదరాబాదులో విదేశీ ఉద్యోగాలు చూపించే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ పేరు నమోదు చేసుకోండి. జపాన్‌లో వ్యవసాయ పనికి ఐదేళ్ల దాకా వీసా ఉంది, భాష పరీక్ష, పని పరీక్ష పాసవ్వాలి, ఏడాది పడుతుంది. కెనడా తోటల పనికి ఎల్ఎంఐఏ (విదేశీ కూలీని పెట్టుకోవడానికి యజమాని తీసుకునే అనుమతి) ఖర్చు యజమానిది, దాన్ని మీకు అమ్మజూపితే అదే మోసానికి గుర్తు.

లోను సంగతి అడిగారు కాబట్టి ఒక్క ముక్క. జీతం స్లిప్పు లేకుండా బ్యాంకు పర్సనల్ లోను ఇవ్వడం కష్టం. పంట రుణం పంటకే. మహిళా సంఘం నుంచి మీ భార్య పేరు మీద తీసుకునే ఆలోచన ఉంటే మానుకోండి, మీరు కట్టలేకపోతే సంఘంలో మిగతావాళ్ల ముందు తల దించుకోవాల్సింది ఆమె.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటి ఉంది. ఏజెంటు దగ్గరున్న పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోండి. అది భారత ప్రభుత్వ ఆస్తి, మీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండకూడదు. అడ్వాన్సు కడితేనే ఇస్తానంటే హైదరాబాదులో వలస కార్మికుల ఫిర్యాదులు చూసే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఉంది, అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఒక కాపీ మీ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. ఏజెంటు రాసిచ్చిన కాగితాలు, వాట్సాప్‌లో పంపిన మెసేజీలు ఏవీ తీసేయొద్దు. పాస్‌పోర్టు చేతికొచ్చే దాకా ఫైనాన్స్ ఆయనతో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. వచ్చాక కూడా పెట్టకండి.