టెక్ సందేహాలు: క్యాచీని ఎప్పుడు తుడవాలి, ఎప్పుడు వదిలేయాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం క్యాచీ గురించే. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు చాలు. కొన్నిటికి కాస్త లోపలికి దిగక తప్పదు.

ప్రశ్న: రోజూ పని ముగించాక బ్రౌజర్ క్యాచీ తుడిచేస్తుంటాను. అలా చేస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందని ఎవరో చెప్పారు. కానీ మర్నాడు ఉదయం రోజూ చూసే వెబ్‌సైట్లే నిదానంగా తెరుచుకుంటున్నాయి. ఎందుకని?

మీరు తుడిచేస్తున్నారు కాబట్టే. ఒక సైటును మొదటిసారి తెరిచినప్పుడు దాని లోగో, బొమ్మలు, ఫాంట్లు, పేజీని నడిపించే స్క్రిప్టులు అన్నిటినీ బ్రౌజర్ ఇంటర్నెట్ నుంచి దించుకుంటుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఆ శ్రమ లేకుండా ఒక్కో ప్రతిని మీ డిస్కులో దాచిపెడుతుంది. ఇలా దాచిన ప్రతులనే క్యాచీ అంటారు. తరచూ తిరగేసే పుస్తకాలను బల్లమీదే ఉంచుకోవడం లాంటిదిది. మీరు వాటిని రోజూ రాత్రి గ్రంథాలయానికి పంపేసి, తెల్లవారగానే మళ్లీ తెప్పించుకుంటున్నారు.

ఏ ఫైలును ఎంతకాలం ఉంచుకోవచ్చో సాధారణంగా ఆ సైటే చెబుతుంది. ఫైలుతో పాటు సర్వర్ పంపే వివరాల్లో మ్యాక్స్-ఏజ్ అనే అంకె ఉంటుంది. లెక్క సెకన్లలో. ఇప్పట్లో మారని ఫైళ్లకు 31536000 అని పెట్టడం పరిపాటి, అంటే 365 రోజులు. గడువు తీరినంత మాత్రాన బ్రౌజర్ ఆ ఫైలును పారేయదు. తన దగ్గరున్న ప్రతి ఇంకా చెల్లుతుందా అని సర్వర్‌ను అడుగుతుంది. ఫైలు మారకపోతే సర్వర్ 304 అనే కోడుతో ఒక చిన్న జవాబిచ్చి ఊరుకుంటుంది, ఫైలును మళ్లీ పంపదు. ఇంత పొదుపుగా సాగే ఏర్పాటును రోజూ మొదటికి తెస్తే వేగం తగ్గుతుంది, డేటా ఖర్చు పెరుగుతుంది.

క్యాచీ అలా పెరుగుతూ పోయి డిస్కును మింగేస్తుందన్న భయం కూడా అక్కర్లేదు. బ్రౌజర్లు తమ క్యాచీకి తామే హద్దు పెట్టుకుంటాయి. అది దాటితే, చాలాకాలంగా వాడనివాటిని తీసేసి కొత్తవాటికి చోటిస్తాయి. ఈ పనికి మీ సాయం అవసరం లేదు. ‘ఒక్క క్లిక్‌తో వేగం’ అంటూ అమ్ముడుపోయే క్లీనర్ల సాయం అసలే అవసరం లేదు. ఇన్ని గిగాబైట్లు తొలగించామని అవి గర్వంగా చూపించే అంకెలో పెద్ద వాటా, నాలుగు రోజుల్లో మళ్లీ చేరిపోయే ఈ ఫైళ్లదే.

ప్రశ్న: ఒక సైటులో ఫారం నింపి పంపే మీట నొక్కితే కదలడం లేదు. అదే సైటు వేరే కంప్యూటర్‌లో బాగానే ఉంది. సైటువాళ్లను అడిగితే క్యాచీ క్లియర్ చేయమన్నారు.

ఇది సరైన సలహా. సైటువాళ్లు స్క్రిప్టును మార్చి ఉంటారు, మీ బ్రౌజర్ పాత ప్రతినే వాడుతూ ఉంటుంది. కొత్త పేజీకి పాత స్క్రిప్టు తగులుకుంటే మీటలు పలకవు, వరుసలు చెదిరిపోతాయి. అయితే దీనికోసం మొత్తం క్యాచీని తుడవనక్కర్లేదు.

ముందు ఆ పేజీలో ఉండి కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. మ్యాక్‌లో క్రోమ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ వాడుతుంటే కమాండ్, షిఫ్ట్, ఆర్. దాచుకున్న ప్రతులను పక్కనపెట్టి పేజీని సర్వర్ నుంచి తాజాగా తెచ్చుకొమ్మని దీని అర్థం. చాలామందికి ఇక్కడితో తీరిపోతుంది. తీరకపోతే క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి డెవలపర్ టూల్స్ తెరవండి. అది తెరిచి ఉండగా, పైన ఉన్న రీలోడ్ గుర్తు మీద కుడి క్లిక్ చేస్తే ‘ఎంప్టీ క్యాచీ అండ్ హార్డ్ రీలోడ్’ అని కనిపిస్తుంది. మామూలు క్లిక్‌కు ఎప్పుడూ కనిపించని ఈ ఎంపిక ఎంతోమందికి తెలియనే తెలియదు.

నింపిన ఫారం మాత్రం రీలోడ్‌తో ఖాళీ అయిపోవచ్చు. పొడుగాటి జవాబులుంటే ముందే వేరేచోట కాపీ చేసి పెట్టుకోండి.

ప్రశ్న: కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కి అన్నీ తుడిచేశాను. ఇప్పుడు ప్రతి సైటూ మళ్లీ లాగిన్ అవమంటోంది. నా మెయిల్స్ కూడా పోయాయా?

పోలేదు. మెయిల్స్ ఉండేది సర్వర్‌లో. పోయినవి కుకీలు. మీరు లాగిన్ అయినట్టు గుర్తుపెట్టుకునేది కుకీ. క్యాచీకీ దీనికీ సంబంధం లేదు, ఒకే పెట్టెలో పక్కపక్కన టిక్కులు ఉండటంతో జనం రెండూ ఒకటే అనుకుంటారు. పేజీ చెదిరితే క్యాచ్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్ అన్న టిక్కు ఒక్కటే ఉంచి, హిస్టరీ, కుకీల టిక్కులు తీసేయండి. పాస్‌వర్డ్‌ల టిక్కు జోలికి అసలు వెళ్లకండి. ఇంకో జాగ్రత్త: ఒకే ఖాతాతో ఫోనులోనూ క్రోమ్‌ను సింక్ చేసి ఉంటే, ఇక్కడ తుడిచిన హిస్టరీ అక్కడ కూడా పోతుంది. క్యాచీ అలా కాదు, ఏ పరికరంలో తుడిస్తే అక్కడే పోతుంది.

ప్రశ్న: విండోస్ ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ ఎర్రగా మారింది. టెంపరరీ ఫైల్స్‌లో అన్నిటికీ టిక్ పెట్టి తీసేయవచ్చా?

అన్నిటికీ వద్దు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, ఆపైన టెంపరరీ ఫైల్స్ తెరిస్తే వచ్చే జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. అది మీ సొంత ఫోల్డర్. అందులో మీరు దించుకున్న ధ్రువపత్రాలు, ఫొటోలు ఉండవచ్చు. ఆ పేరును తాత్కాలిక ఫైళ్ల మధ్య ఎందుకు కూర్చోబెట్టారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

థంబ్‌నెయిల్స్, అంటే ఫొటోలు, ఫైళ్ల చిన్న నమూనా బొమ్మలు, తీసేస్తే నష్టం లేదు, ఫోల్డర్ తెరిచినప్పుడు విండోస్ మళ్లీ తయారు చేసుకుంటుంది. గేముల్లాంటివి తెర మీద బొమ్మలు గీయడానికి సిద్ధం చేసి దాచుకునే డైరెక్ట్‌ఎక్స్ షేడర్ క్యాచీ కూడా అంతే, కాకపోతే ఆ తర్వాత గేములు మొదటిసారి ఆడేటప్పుడు కాస్త తడబడవచ్చు. డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్ (విండోస్ అప్‌డేట్ల కోసం దించి ఉంచిన ఫైళ్లు) నిశ్చింతగా తీసేయండి. పాత విండోస్ ఇన్‌స్టలేషన్ అని ఉంటే, కొత్త వెర్షన్ బాగానే నడుస్తోందని నమ్మకం కుదిరాకే తీయండి. తీసేశాక వెనక్కి వెళ్లే దారి ఉండదు. మీరు ముట్టుకోకపోయినా సాధారణంగా 10 రోజుల తర్వాత విండోసే దాన్ని తొలగిస్తుంది.

ప్రోగ్రాములు తమ తాత్కాలిక ఫైళ్లను ఉంచుకునే టెంప్ ఫోల్డర్‌లో ఉన్నవి కూడా చేత్తో తీయవచ్చు. ముందు ఒకసారి రీస్టార్ట్ చేయండి, ఎందుకంటే కొన్ని ప్రోగ్రాముల ఇన్‌స్టలేషన్ రీస్టార్ట్ తర్వాతే పూర్తవుతుంది, వాటికి అక్కడి ఫైళ్లు కావాలి. వాడకంలో ఉన్న ఫైలు పోనని మొరాయిస్తే స్కిప్ నొక్కి వదిలేయండి.

చోటు వెతుక్కుంటూ విండోస్ ఫోల్డర్‌లో ఉన్న ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌ను మాత్రం చెరపకండి. చూడటానికి పనికిరాని పాత ఫైళ్లలా ఉంటాయి గానీ, అవి లేకపోతే రేపు కొన్ని ప్రోగ్రాములను అప్‌డేట్ చేయడమూ కుదరదు, తొలగించడమూ కుదరదు. వీడియో ఎడిటింగ్ చేస్తారా? అయితే అసలు దొంగ అక్కడే దొరకవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ల మీడియా క్యాచీ పదుల గిగాబైట్లకు చేరడం మామూలే. దాన్ని ఫోల్డర్‌లోకి వెళ్లి కాకుండా, ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ నుంచే తుడవండి.

ప్రశ్న: టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర క్యాచ్డ్ అని కొన్ని గిగాబైట్లు కనిపిస్తోంది. ర్యామ్ వృథా అవుతున్నట్టేనా?

కాదు. ఖాళీగా పడి ఉన్న ర్యామ్‌లో విండోస్ ఈమధ్య వాడిన ఫైళ్లను ఉంచుకుంటుంది. ఏ ప్రోగ్రాముకైనా చోటు కావలసివస్తే తక్షణం వదిలేస్తుంది. అవైలబుల్ అన్న అంకెలో ఇదీ కలిసే ఉంటుంది. చూడవలసింది ఆ అంకెనే.

ప్రశ్న: మరి ప్రాసెసర్‌లో ఉండే ఎల్1, ఎల్2, ఎల్3 క్యాచీలను ఎలా శుభ్రం చేయాలి?

చేయనక్కర్లేదు. అవి చిప్‌లో భాగమైన వేగవంతమైన మెమరీ. వాటిని నింపడం, ఖాళీ చేయడం ప్రాసెసరే చూసుకుంటుంది. బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ 1965లో ఒక చిన్న పరిశోధన పత్రంలో ఈ ఆలోచనను వివరించారు. 1968లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 మోడల్ 85 అనే పెద్ద కంప్యూటర్‌లో క్యాచీ మొదట 16 కిలోబైట్లే. ఇప్పటి మామూలు ల్యాప్‌టాప్‌లోనూ ఎల్3 మెగాబైట్లలో ఉంటుంది, కరెంటు ఆగగానే ఖాళీ అవుతుంది.