నీ కథలో దుబాసీ ఎటు పోయాడు?

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన కథ అందింది. వంశధార పొంగినప్పటి పేరా బాగుంది. ఇక నాకు కోపం తెప్పించిన సంగతికి వస్తాను.

నీ కథలో మీ రాయగడ విలేఖరిని ముఠావాళ్ళు ఎడారి దారిలో ఆపినప్పుడు జీపులో ముగ్గురున్నారు. అతను, డ్రైవరు, అరబ్బీ తెలిసి మాట తర్జుమా చేసే దుబాసీ. మూడో పేజీలో ముగ్గురి కళ్ళకీ గంతలు కట్టారు. చివరి పేజీలో భువనేశ్వర్‌లో విమానం దిగింది మాత్రం ఒక్కడే. మిగతా ఇద్దరూ బతికారా, చచ్చారా, దారిలో వదిలేశారా? ఒక్క వాక్యం కూడా లేదు. ఆ మరుపు నీ ఒక్కడిదే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాయను. ప్రభుత్వాలు ఇలాగే మరిచిపోతాయి, పత్రికలూ మరిచిపోతాయి. కథ రాసేవాడు కూడా మరిచిపోతే వాళ్ళని లెక్కపెట్టేది ఎవరు?

2007 మార్చి 5న అఫ్ఘనిస్తాన్ హెల్మండ్‌లో ఇటలీ పత్రిక 'లా రిపబ్లికా' విలేఖరి దానియెలే మాస్ట్రోజాకొమోని తాలిబన్లు పట్టుకున్నారు. వెంట ఇద్దరు అఫ్ఘన్లున్నారు. డ్రైవరు సయ్యద్ ఆగా, దుబాసీ అజ్మల్ నక్ష్‌బందీ. ముందుగా డ్రైవరు తల నరికేశారు. రోమ్ ప్రభుత్వం కాబూల్ మీద ఒత్తిడి తెచ్చింది. అఫ్ఘన్ అధ్యక్షుడు కర్జాయ్ అయిదుగురు తాలిబన్ ఖైదీలను వదిలాడు, మార్చి 19న ఇటలీ విలేఖరి బయటపడ్డాడు. అజ్మల్ మాత్రం వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయాడు. అతనికి బదులుగా మరికొందరు ఖైదీలను అడిగారు. ఇలాంటి మార్పిడి ఇంక చెయ్యబోమని కర్జాయ్ అప్పటికే చెప్పేశాడు. ఏప్రిల్ 8న అజ్మల్‌నీ చంపేశారు. ఒకే వాహనం, ఒకే రోజు పట్టుబడ్డారు, చేసినదీ ఒకే పని. ఒకరికి విమానం, ఇద్దరికి గొయ్యి.

ఇది ఎవరి దుర్మార్గమో అని వెతక్కు. పద్ధతే అలా ఉంటుంది, ఆ పద్ధతి నీకు తెలియాలి. రాయబార కార్యాలయం పాస్‌పోర్టు చూసి కదులుతుంది. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం ఏ దేశానికైనా తన పౌరుల తరపున అడిగే దారి ఇచ్చింది, పక్కవాడి తరపున ఇవ్వలేదు. దుబాసీ పట్టుబడిన దేశపు పౌరుడే, కాబట్టి అతని కోసం అడగవలసింది అతని ప్రభుత్వమే. ఆ ప్రభుత్వం ఆ యుద్ధంలో తనే ఒక పక్షం. పట్టుకున్నవాళ్ళ కళ్ళకేమో విదేశీయుడు బేరానికి పనికొచ్చే సరుకు, దుబాసీ శత్రువుకు నోరు అరువిచ్చిన ద్రోహి. విలేఖరికి జీతం ఇచ్చే సంస్థ బీమా చాలాసార్లు రోజుకూలికి పిలిచిన మనిషిదాకా రాదు. ఇన్ని కారణాలు కలిసి, బేరం కాగితం మీదికి చివరికి ఒక్క పేరే ఎక్కుతుంది.

దీనికి మందు మొదటి రోజునే వెయ్యాలి. మీ విలేఖరి అన్న రాయగడ కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చే సన్నివేశం ఉంది కదా? ఆ అర్జీ అక్కణ్ణించి భువనేశ్వర్‌కి, ఢిల్లీలో విదేశాంగ శాఖకి, ఆ దేశంలో మన ఎంబసీకి పోతుంది. ప్రతి బల్ల దగ్గరా గుమాస్తా పై వాక్యం ఎత్తి రాసుకుంటాడు. అందుకని ఆ పై వాక్యంలోనే ముగ్గురి పేర్లూ ఉండాలి. 2005 జనవరిలో బాగ్దాద్‌లో ఫ్రెంచి విలేఖరి ఫ్లోరాన్స్ ఓబెనాని ఎత్తుకుపోయినప్పుడు ఆమెతో పాటు పనిచేసే ఇరాకీ హుసేన్ హనూన్ కూడా పట్టుబడ్డాడు. ఫ్రాన్స్‌లో అంటించిన పోస్టర్లలో ఇద్దరి ముఖాలూ పక్కపక్కనే ఉండేవి, సభల్లో ఇద్దరి పేర్లూ కలిపే పలికారు. జూన్ 11న ఇద్దరూ బయటికొచ్చారు. పోస్టరే విడిపించిందని నేననను. ఇద్దరిలో ఒకరిని వదిలేసి బేరం ముగించడం మాత్రం ఎవరికీ సులువు కాలేదు.

విదేశం అనగానే నీకు ఎడారే ఎందుకు గుర్తొచ్చిందో నాకు తెలీదు. 2012 మార్చిలో మన కంధమాల్, గంజాం సరిహద్దు అడవిలో మావోయిస్టులు ఇద్దరు ఇటలీవాళ్ళను పట్టుకున్నప్పుడు, ఇటలీకి మనమే విదేశం. వాళ్ళ కాన్సులు భువనేశ్వర్‌లో కూర్చోవలసి వచ్చింది. ఇద్దర్లో ఒకర్ని మార్చి 25న టీవీ విలేఖర్ల ముందు వదిలారు, రెండో ఆయన ఏప్రిల్ 12న వచ్చాడు. వాళ్ళ వెంట వెళ్ళిన ఒడియావాళ్ళను మొదట్లోనే పంపేశారు. బేరంలో విలువ లేకపోవడం హెల్మండ్‌లో ప్రాణం తీసింది, మన అడవిలో ప్రాణం నిలబెట్టింది. ఈ తేడా ఎందుకొచ్చిందో ఆలోచించు. నీకు ఇంకో కథ దొరుకుతుంది.

ఇక నీ మంత్రిగారి ఫోను. ఢిల్లీ నుంచి మంత్రి నేరుగా ముఠా నాయకుడితో మాట్లాడి, రెండు పేజీల ఉపన్యాసంతో మనసు మార్చేస్తాడు. అలా జరగదు. నిర్ణయం చెయ్యగల మనిషిని బేరం దగ్గర కూర్చోబెట్టరు. కూర్చోబెడితే అవతలివాడు 'ఇప్పుడే చెప్పు' అంటాడు, గడువు పెడతాడు, అవునో కాదో అనక తప్పదు. మాట మోసేవాడికి ఉన్న బలమంతా 'అడిగి చెబుతాను' అనగలగడంలోనే ఉంది. ఆ అడగడానికి పట్టే రెండు రోజులే బందీ ఆయుష్షు.

2011 ఫిబ్రవరి 16న మల్కనగిరి కలెక్టరు వినీల్ కృష్ణని మావోయిస్టులు చిత్రకొండ వైపు పట్టుకుపోయారు. ఆయన తెలుగువాడే. ఒక జూనియర్ ఇంజనీరునీ కూడా తీసుకెళ్ళారు. ప్రభుత్వం ముందు గాలింపు ఆపింది. హరగోపాల్, సోమేశ్వరరావు, దండపాణి మహంతి మధ్యవర్తులుగా కూర్చున్నారు. వాళ్ళలో ఎవరికీ ఒక్క ఖైదీని వదిలే అధికారం లేదు, అందుకే రెండు వైపులా వాళ్ళ మాట చెల్లింది. 24న కలెక్టరు తిరిగొచ్చాడు, ఇంజనీరూ క్షేమంగా వచ్చాడు. నీ కథలో కూడా తొమ్మిది రోజులే పెట్టావు. చిత్రకొండలో ప్రభుత్వం, పత్రికలు, తెలిసిన భాష, ఫోను అన్నీ దగ్గరే ఉన్నాయి. పరాయి దేశంలో ఆ లెక్క కుదరదు. 2015 జూలైలో లిబియాలో సిర్తె దగ్గర నలుగురు భారతీయ అధ్యాపకులు పట్టుబడితే, కర్ణాటక వాళ్ళిద్దరూ రెండు రోజుల్లో వచ్చారు. తెలుగువాళ్ళిద్దరికీ 2016 సెప్టెంబరు దాకా పట్టింది.

మాట మోసేవాడి వెనకాల దొంగబేరం నడిస్తే ఏమవుతుందో లెబనాన్ రాజధాని బీరూట్‌లో తేలింది. ఇంగ్లండు చర్చి తరపున టెర్రీ వెయిట్ బందీల కోసం తిరుగుతుండగానే అమెరికా చాటుగా ఇరాన్‌కి ఆయుధాలు అమ్మింది. అది 1986 చివర్లో బయటపడింది. 1987 జనవరి 20న వెయిట్‌నే బందీ చేశారు, 1991 నవంబరు దాకా వదల్లేదు. అదే ఊళ్ళో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేఖరి టెర్రీ ఆండర్సన్ 1985 మార్చి 16న పట్టుబడి 1991 డిసెంబరు 4న బయటికొచ్చాడు. పట్టుకున్నవాళ్ళ పెద్ద కోరిక కువైట్ జైల్లో ఉన్న తమవాళ్ళ విడుదల. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు ఆ జైలు తలుపులు తెరుచుకున్నాయి, ఆ కోరికకే అర్థం లేకుండా పోయింది. ఆ తర్వాతే ఐక్యరాజ్యసమితి మనిషి జాందొమెనికో పికో కళ్ళకి గంతలు కట్టించుకుని, ముసుగులవాళ్ళ దగ్గరికి రాత్రిపూట ఒంటరిగా వెళ్ళి మాట్లాడి రాగలిగాడు. ఎక్కడో జరిగిన యుద్ధం ఇక్కడ తాళం తీస్తుంది. ఉపన్యాసం తియ్యదు.

బతికే ఉన్నాడని రుజువు అడిగే చోట నువ్వు పెట్టిన ప్రశ్న 'మీ అమ్మ పేరేమిటి'. అది అతని ఫేస్‌బుక్‌లో దొరుకుతుంది. ప్రశ్న ఇంటివాళ్ళకి తప్ప ఎక్కడా దొరకనిది కావాలి. దాని జవాబు వల్ల డబ్బు గురించి గానీ, చుట్టాల గురించి గానీ వాళ్ళకి ఏమీ తెలియకూడదు. అది అయిదారు నోళ్ళు మారి వస్తుంది, కాబట్టి జవాబు ఒక రంగో, అంకో, పేరో అయితే చెడిపోకుండా చేరుతుంది. 'మన పెరటి నూతి గిలకకి నాన్న వేసిన రంగేమిటి?' అలాంటిది. జవాబు 'ఆకుపచ్చ' అని వస్తే చాలు, పైగా ఆ మాట అడిగారంటే ఇంట్లోవాళ్ళు తన కోసం తిరుగుతున్నారని లోపలున్నవాడికీ తెలుస్తుంది. ఒకసారి వాడిన ప్రశ్న మళ్ళీ వాడరు, అందుకని ముందే నాలుగైదు రాసి దాచుకుంటారు. ఇంట్లో ఫోను ఎత్తేవాడు ఒక్కడే ఉండాలి. పక్కన నోటుబుక్కు. ఎన్ని గంటలకొచ్చింది, ఏ నంబరు, అన్న మాట అన్నట్టే, వెనక వినిపించిన చప్పుడు. డబ్బిస్తామనకూడదు, ఇవ్వబోమనీ అనకూడదు.

రుజువు రాకపోతే ఏమవుతుందంటే, 2015 జనవరిలో జపాన్ విలేఖరి కెంజీ గోటోకి బదులు ఐసిస్ ఉగ్రవాదులు జోర్డాన్ జైల్లో ఉన్న ఒకామెను అడిగారు. వాళ్ళ చేతిలోనే ఉన్న తమ పైలట్ బతికున్నాడని చూపిస్తే మాట్లాడతామంది జోర్డాన్. రుజువు రాలేదు. పైలట్ అప్పటికే చనిపోయాడని తర్వాత తేలింది. గోటోనీ చంపేశారు.

బేరంలో ఇచ్చింది ఎక్కడికి పోతుందో కూడా నీ కథలో ఎవరో ఒకరు అడగాలి. 1999 డిసెంబరులో కాందహార్‌లో హైజాకర్లు 36 మంది ఖైదీలను అడిగితే మనవాళ్ళు ముగ్గురి దగ్గర తెంచారు, హైజాకర్లు చంపిన ఒక్కరు తప్ప విమానంలోవాళ్ళు ఇంటికొచ్చారు. ఆ ముగ్గురిలో ఒకడు ఒమర్ షేక్. 2002లో కరాచీలో ఎత్తుకుపోయి చంపిన అమెరికా విలేఖరి డేనియల్ పెర్ల్ కేసులో అరెస్టయింది అతనే. పెర్ల్ ముంబయిలో కాపురముండి ఇక్కడి వార్తలు రాసినవాడు. రెండు వైపులా ప్రాణాలే ఉన్న లెక్క ఇది. మంత్రి పాత్ర ఉండాలంటే అతన్ని ఈ లెక్క ముందు కూర్చోబెట్టు, ఫోను ముందు కాదు.

ఇదంతా పెడితే కథ ఆగిపోతుందంటారు సంపాదకులు. ఓ వారపత్రికలో నా కథ నుంచి డ్రైవరు ఇంటి పేరా మొత్తం తీసేసి, 'వేగం కోసం' అని కార్డు రాశారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. ఇప్పుడు నడుస్తున్న ఫ్యాషను ఇంకా అన్యాయం. మొదటి లైన్లో తుపాకీ, చివరి లైన్లో హెలికాప్టరు. కమాండోలు దిగితే కథ ముగిసినట్టే అనుకుంటారు. 2009 సెప్టెంబరులో కుందూజ్ దగ్గర న్యూయార్క్ టైమ్స్ విలేఖరి కోసం బ్రిటిష్ కమాండోలు దిగారు. విలేఖరి బయటపడ్డాడు, అతనితో ఉన్న అఫ్ఘన్ విలేఖరి సుల్తాన్ మునాదీ ఆ కాల్పుల్లో పోయాడు. ఏ పత్రికకి పంపాలని అడిగావు. డ్రైవరూ దుబాసీల పేరా కొట్టెయ్యని పత్రిక ఏదైనా కనిపిస్తే దానికి పంపు.

అప్పగింత సన్నివేశం మొత్తం తిరగరాయి. అన్నిటికన్నా ప్రమాదం అక్కడే. 2005 మార్చి 4న ఇటలీ విలేఖరి జూలియానా స్గ్రేనాని విడిపించుకుని నికోలా కాలిపారి అనే అధికారి బాగ్దాద్ విమానాశ్రయానికి తీసుకెళ్తుంటే, దారిలో అమెరికా సైనికులు ఆ కారు మీద కాల్చారు. కాలిపారి అక్కడికక్కడే పోయాడు. కాబట్టి ఎన్ని గంటలకి, ఏ మలుపు దగ్గర, ఏ రంగు బండి, ఎవరు దిగుతారు, చేతిలో ఏముండకూడదు, దారిలో ఉన్న ప్రతి చెక్‌పోస్టుకి ఎవరు కబురు చెప్పారు, ఇవన్నీ ఆ పేజీలో కనపడాలి. మధ్యవర్తి బండి దిగినవాళ్ళను పేరు పెట్టి పిలవాలి, ముగ్గురూ పలికాకే బండి కదలాలి. ఒకరు పలక్కపోతే అతను ఏం చేస్తాడో నువ్వే తేల్చు. నాలుగు పేజీలు పట్టినా ఫరవాలేదు. మంత్రిగారి ఉపన్యాసం తీసేస్తే ఆ చోటు దొరుకుతుంది.

రాసిన వెంటనే పంపు. ఈసారి కాగితానికి ఒక వైపే రాయి, అంచు వదిలి.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.