చెట్టు రాయైంది, మామకూ బావకూ మాట కలిసింది

"పరిణామ సిద్ధాంతాన్నీ, దేవుడే సృష్టించాడన్న నమ్మకాన్నీ కలపొచ్చా?" అని కదా ప్రశ్న. రెండూ నమ్మొచ్చు. మా తాలూకాలో సగం మంది నమ్ముతూనే ఉన్నారు, ఆ సంగతి వాళ్లకు తెలీదంతే. నాకు ఒళ్లు మండేది మూడో రకంతో. రెంటినీ జిగురు పెట్టి అతికించి "మనవాళ్లు ఎప్పుడో చెప్పారు" అనే బాపతు.

నాది సిరొంచ. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో చిట్టచివర, గోదావరికి అవతల కాళేశ్వరం, ఇవతల మేము. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నేను సైన్సు మాస్టర్ని కాదు, ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకుని జనానికి సాత్‌బారాలు (మా దగ్గరి పొలం పహాణీలు), ఆధార్ కార్డులు తీసిస్తుంటా. అయినా ఈ విషయం మీద మాట్లాడే హక్కు ఎవరికన్నా ఉందంటే అది మా తాలూకావాళ్లకే. ఎందుకంటే రాకాసి బల్లులు మా పొలాల కిందే పడుకున్నాయి.

1960 ప్రాంతంలో కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మా తాలూకాలోని పోచంపల్లి దగ్గర తవ్వి ఎముకలు తీశారు. మూడొందల దాకా. ఒక్క తొడ ఎముకే అయిదున్నర అడుగులు. 1961 ఠాగూర్ శతజయంతి కాబట్టి ఆ డైనోసార్‌కు బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ఎముకలు మావి, పేరు బెంగాల్‌ది, అస్థిపంజరం కోల్‌కతాలో. దీని సంగతి తర్వాత చెప్తా.

వడదంలో శిలాజాల పార్కు ఉంది. అడవిలో మానులకు మానులు రాయై పడున్నాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు మంథని వైపు చుట్టాలంతా మా ఇంట్లో దిగారు. పొద్దున ఘాట్‌లో మునిగాం, మధ్యాహ్నం ఆటోలు మాట్లాడి అందర్నీ వడదం తీసుకెళ్లాను. ఎండ గురించి చెప్పక్కర్లేదు, ఏప్రిల్‌లో మా ఊరు ఎట్లుంటుందో వచ్చినవాళ్లకు తెలుసు.

బ్యాచ్‌లో మా మేనమామ ఉన్నాడు, రోజూ రామాయణ పారాయణం చేస్తాడు. మా చిన్నక్క మొగుడున్నాడు, పాస్టర్. బావ మతం మారిన నాటి నుంచి మామ వాళ్లింట్లో మంచినీళ్లు ముట్టలేదు. పెద్దక్క బిడ్డ నాగపూర్‌లో బీఎస్సీ, జియాలజీ. ఇట్లాంటి ముగ్గుర్ని ఒకే రాతిమాను ముందు నిలబెట్టడం నా తెలివి.

మామ మానును తడిమి, "దండకారణ్యం అంటే ఇదే బిడ్డా. రాముడు నడిచిన అడివి. ఆయన చూసిన చెట్టే ఇది" అన్నాడు.

బావ ఊరుకుంటాడా? "నోవహు కాలం జలప్రళయంల కూలింది. లేకుంటే గింత మాను మట్టి కిందికి ఎట్ల పోతది?"

పిల్ల మెల్లగా అందుకుంది. "రాముడు చూసేనాటికే ఇది రాయి తాతా. కాకా, ప్రళయం అక్కర్లేదు, ఏటి ఒండ్రుల కూరుకపోతే సాలు. నీళ్లల్ల కరిగిన సిలికా చెక్కలకు ఊరి, ఏళ్లకేళ్లు కణం కణం రాయి చేసింది. అందుకే వలయాలు గట్లనే ఉన్నయి, సూడుండ్రి. కోట్ల ఏండ్ల నాటిది."

కోట్లు అన్న మాట వినగానే మామా బావా ఒకర్నొకరు చూసుకున్నారు. "సదువుకు పంపితే ఇదా నేర్చింది?" అని మామ. "కరెక్టుగ అన్నరు మామా, ఇప్పటి పిల్లలకు దైవభయం లేదు" అని బావ. నా కళ్లారా చూశాను, తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఒకే ఆటో ఎక్కి ఒకే సీసాలో నీళ్లు తాగారు! చుట్టాలంతా కూచుని చేయలేని పని రాతిచెట్టు చేసింది.

పాపం ఆ పిల్ల, "నేను దేవుడు లేడన్ననా? పొద్దుగాల మీ అందరితోని మునక ఎయ్యలేదా?" అంటూనే ఉంది. ఎవరూ వినలేదు. మా పిన్ని మాత్రం ఇవేమీ పట్టనట్టు రాతిచెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. దేవుడి అర్రలోకి చిన్న ముక్క ఇమ్మని గార్డును అడిగింది. ఆయన కుదరదంటే ఇంటిదాకా అలిగింది.

మీ ప్రశ్నకు జవాబు ఆ పిల్లే అని నా ఉద్దేశం. పొద్దున పుష్కర స్నానం, మధ్యాహ్నం కోట్ల ఏళ్ల లెక్క, రెంటికీ ఆమె దగ్గర పేచీ లేదు. ఇది కొత్తా కాదు. స్టీఫెన్ హిస్లాప్ అని స్కాట్లాండ్ మిషనరీ 1845లో నాగపూర్ వచ్చాడు. బైబిలు చెప్పడానికి వచ్చినవాడు మా దగ్గరి కోట అనే ఊరి పేరుతో పిలిచే రాళ్ల శిలాజాల మీద పరిశోధన చేశాడు. పరిణామం అర్థం కాకుండా జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన జీవశాస్త్రవేత్త డోబ్జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు. 1996లో పోప్ రెండో జాన్ పాల్ కూడా పరిణామం వట్టి ఊహ స్థాయి దాటిందన్నాడు. మా బావకు పోప్ మాట చెప్పి లాభం లేదనుకోండి, ఆయనది వేరే సంఘం.

ఇక అతికించే బాపతు. 2019 జనవరిలో జలంధర్ దగ్గర సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలరే డార్విన్ కన్నా దశావతారాలు మెరుగైన సిద్ధాంతం అన్నారు. అప్పట్నుంచి మా ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫార్వర్డ్ తిరగని నెల లేదు. చేప, తాబేలు, పంది, సగం మనిషి, పొట్టి మనిషి, వరస కుదిరింది చూడండీ అని. అయ్యా, మా కోట రాళ్లలో చేప ఉంది, తాబేలు ఉంది, డైనోసార్ ఉంది, ఎలుకంత పాలిచ్చే జంతువూ ఉంది. అందరూ ఒకే కాలపు రాళ్లలో! ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకుని రాలేదు. పరిణామం మెట్లెక్కడం కాదు, కొమ్మలు చీలడం. పైగా పరశురాముడు, రాముడు ఎదురెదురు పడ్డారు కదా, అందులో ఎవరు ఎవరి నుంచి పరిణమించినట్టు? బ్రహ్మ పగలు 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు 454 కోట్లు, దగ్గరదగ్గర అంటారు. 22 కోట్ల ఏళ్ల తేడా! అంత సందులో మా బారాపాసారస్ పుట్టి, బతికి, రాయై కూడా ఇంకా మిగులుతుంది.

విష్ణుమూర్తికి డార్విన్ దగ్గర సర్టిఫికెట్ దేనికి? మామ చెప్పే రాముడి చెట్టు కథ నాకు ఇష్టం, ఎందుకంటే ఆయన దాన్ని సైన్సు అనడు.

ఆ ఎలుకంత జంతువుకు పెట్టిన పేరు కోటాథీరియం హాల్డేనీ. జె.బి.ఎస్. హాల్డేన్ పేరన్నమాట. పరిణామ శాస్త్రంలో ఉద్దండుడు, ఇంగ్లండ్ వదిలి భారత పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోతే ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఎంతమంది తెలుగువాళ్లకు తెలుసు ఇది? ఫార్వర్డ్ కొట్టడానికి మాత్రం చేతులు వస్తాయి.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేస్తే టీవీల్లో పెద్ద చర్చ జరిగింది. మాకు పుస్తకం ఎందుకండీ, పొలం ఉంది. కానీ మా పిల్లలు మా ఊరి డైనోసార్‌ను చూడాలంటే కోల్‌కతా పోవాలి. ప్రాణహిత అవతలి ఒడ్డున యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అనే ఇంకో డైనోసార్‌ను చూడాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు పోవాలి. జిల్లా కేంద్రం గడ్చిరోలికే రెండొందల కిలోమీటర్ల పైన, ఆ రోడ్డు మీద నడుం నిలిస్తే అది దేవుడి సృష్టి గొప్పతనమే. అసలు ఎముకలు ఇవ్వకపోతే మానె, ఆ అయిదున్నర అడుగుల తొడ ఎముకకు ప్లాస్టర్ నమూనా ఒకటి చేయించి సిరొంచ బస్టాండులో పెట్టమనండి. పుష్కరాలకు వచ్చిన జనమంతా దాని ముందు నుంచే దిగుతారు.