ఖాళీ వదలడానికి భయపడకు

చిరంజీవి మేనకోడలికి, నల్లగొండ నుండి మీ అత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీవు దేవరకొండలోని బడి ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ శిక్షణలో చేరబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వైద్యులు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేసే ఈ పనిని, ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టిన పనిని, నా అన్న కూతురు కోరి ఎంచుకున్నదంటే నాకు ఎంతో గర్వంగా ఉంది. అయితే ఆ పనిలో ఉన్నన్నాళ్ళూ నన్ను వదలని భయం ఒకటి ఉంది. దాన్ని నీకు ముందుగా చెప్పకపోతే నా మనసు కుదుటపడదు.

తేలిక సంగతులు మొదట చెబుతాను. ఉద్యోగం గ్యారంటీ అని ముందే పెద్ద మొత్తం కట్టించుకునే శిక్షణ కేంద్రాలకు దూరంగా ఉండు. జీతం లైన్ల లెక్కన ఇస్తామంటే, లైను అంటే ఎన్ని అక్షరాలో అడుగు. ఖాళీలతో కలిపి 65 అక్షరాలను ఒక లైనుగా లెక్కించడం ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. రోగి పేరు గానీ జబ్బు గానీ ఇంట్లో అమ్మతో కూడా అనవద్దు. అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం రోగి వివరాలకు రక్షణ కల్పించింది, అక్కడి రికార్డు మన చేతికి వచ్చినా ఆ బాధ్యత దానితోనే వస్తుంది. ఇక కుర్చీ విషయంలో మాత్రం పిసినారితనం చేయకు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినదానిని కాబట్టి, పిల్లలు మెడ వంచి గంటలకొద్దీ కూర్చుంటే నా ప్రాణం ఒప్పదు. ఆడియోను కాలితో ఆపుతూ నడిపే ఫుట్ పెడల్ మీద కాలు పెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాక లోకం తెలియదు. అందుకే గంటకొకసారి లేచి నడువు. శబ్దం ఎంత పెంచినా అర్థం కాని మాట అర్థం కాదు, చెవులు మాత్రం పాడవుతాయి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 2008లో జరిగిన ఒక పొరపాటు గురించి నీవు తప్పక తెలుసుకోవాలి. ఆసుపత్రి నుండి పంపుతున్న ఒక మధుమేహ రోగికి వైద్యుడు ఇన్సులిన్ 8 యూనిట్లు అని డిక్టేట్ చేశాడు. ఆ ఆడియోను టైపు చేసే పని చేతులు మారి మన దేశానికి వచ్చింది. రోగిని పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీ కాగితంలో 8 బదులు 80 అని పడింది. రోగిని చేర్చుకున్న పునరావాస కేంద్రంలో ఆ కాగితాన్నే నమ్మి అంత మోతాదూ ఇచ్చారు. ఆమె బ్రతకలేదు. 2012లో అక్కడి జ్యూరీ ఆ కుటుంబానికి 14 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ఆ వార్త చదివిన రోజు నుండి నేను డబ్బు సంగతి ఆలోచించలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని టార్గెట్ వెంట పరుగెత్తుతున్న మనలాంటి ఒక మనిషి గురించే ఆలోచించాను. ఆ మనిషికి చెడు ఉద్దేశం ఉండి ఉంటుందని నేను అనుకోను. ఒక సున్న ఎక్కువ పడింది, అంతే. వైద్యుడు మళ్ళీ చదివి సంతకం చేస్తాడు కదా అని నీకు అనిపించవచ్చు. ఆ ధీమాతో మాత్రం ఎన్నడూ ఫైలు పంపవద్దు.

అందువల్ల అంకెలనూ మందుల పేర్లనూ ఎప్పుడూ రెండోసారి విను. ఫిఫ్టీన్, ఫిఫ్టీ అనేవి ఆయాసపడుతూ మాట్లాడే వైద్యుడి నోట ఒక్కలాగే పలుకుతాయి. హైడ్రాలజిన్ రక్తపోటుకు, హైడ్రాక్సిజిన్ దురదకు. సెలెబ్రెక్స్ కీళ్ళ నొప్పులకు, సెలెక్సా మానసిక కుంగుబాటుకు ఇస్తారు. ఇలియం అన్న ఒకే పలుకు ఒక చోట చిన్నపేగు భాగం, మరొక చోట తుంటి ఎముక. ముందు వెనుక వాక్యాలు చదివితే తప్ప తేలదు. యూనిట్లు అనే మాటను U అనే ఒక్క అక్షరానికి కుదించవద్దు, దాన్ని సున్న అనుకొని చదివే ప్రమాదం ఉంది. పూర్ణాంకం తర్వాత చుక్క, సున్న పెట్టవద్దు. ఒకటికి తక్కువైన సంఖ్యకు చుక్క ముందు సున్న మరువవద్దు. వైద్యుడు మొదట ఎడమ మోకాలని, తర్వాత కుడి మోకాలని అంటే నీకు తోచినది సరిదిద్దవద్దు. గుర్తు పెట్టి పైవారికి తెలియజేయి.

ఎంత విన్నా తెలియని మాట ఉన్నప్పుడు బ్లాంక్ పెట్టు, అంటే ఆ చోటు ఖాళీగా వదులు. నా ఈ లేఖ మొత్తం ఈ ఒక్క మాట కోసమే అనుకో. పదో తరగతి పరీక్షలకు ముందు మన సార్లు ఏమనేవారు? తెలియకపోయినా ఏదో ఒకటి రాయండి, ఖాళీ వదలకండి, అరమార్కైనా వస్తుంది అనేవారు. ఆ అలవాటు మన రక్తంలో కలిసిపోయింది. నీకైతే మరీ ఎక్కువ. చిన్నప్పుడు లెక్క రాకపోతే ఏడ్చి అయినా ఏదో ఒక జవాబు వేసేదానివి తప్ప పలకను ఖాళీగా చూపించేదానివి కాదు. ఆ పట్టుదల నాకు ముద్దుగా ఉండేది. ఈ పనిలో మాత్రం అదే నీకు శత్రువు అవుతుంది. నాకు పని నేర్పిన ఎడిటర్, బ్లాంక్ పెట్టిన అమ్మాయిలను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ముక్క మళ్ళీ వినిపించేది. ఊహించి రాసిన వారిని మాత్రం అందరి ముందు నిలబెట్టి కోప్పడేది. అప్పట్లో అది కఠినం అనిపించింది. అలబామా వార్త చదివాక ఆమె కోపంలో న్యాయం కనిపించింది.

ఇప్పుడు చాలా చోట్ల కంప్యూటరే ముందు టైపు చేస్తుంది, మనిషి ఆడియో వింటూ దిద్దుతాడు. పని తగ్గిందని పొంగిపోకు. యంత్రం వినపడని చోట కూడా చక్కగా అతికే వాక్యం పెట్టగలదు, నునుపైన వాక్యాన్ని కన్ను అనుమానించదు. అందుకే చదువుతూ దిద్దవద్దు, వింటూ దిద్దు. పనులు తగ్గుతున్నాయన్న మాట కూడా నిజమే. కాబట్టి వైద్య పరిభాష గట్టిగా నేర్చుకుంటే రేపు జబ్బులకూ చికిత్సలకూ సంకేతాలు వేసే మెడికల్ కోడింగ్ వైపు మారడానికీ అదే పనికి వస్తుంది.

కోర్సులో చేరకముందే ఒక ఆదివారం నల్లగొండ రా, తల్లీ. నా పాత ఫుట్ పెడల్ ఇంకా పని చేస్తుంది. శిక్షణ కోసం ఇచ్చే నమూనా ఆడియోలు ఇద్దరం కలిసి విందాం. ఎన్ని బ్లాంకులు పెడతావో చూస్తాను, ఒక్కటీ పెట్టకపోతే మళ్ళీ మొదటి నుండి వినిపిస్తాను. ఫీజు మాత్రం ఆ తర్వాతే కట్టు. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ అత్త