దూరం రెట్టింపైతే కాంతి తీవ్రత సగం కాదు, నాలుగో వంతు

దీపానికి 3 మీటర్ల దూరంలో కాంతి తీవ్రత 8 లక్స్ ఉంటే 6 మీటర్ల దూరంలో ఎంత ఉంటుందన్న లెక్కకు మీ అబ్బాయి 4 అని రాశాడని, పుస్తకంలో మాత్రం జవాబు 2 అని ఉందని, ఈ తేడాను అతనికి ఎలా వివరించాలని మీరు అడిగారు. ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: మీ అబ్బాయి విలోమ సంబంధాన్ని, అంటే దూరం పెరిగితే తీవ్రత తగ్గుతుందన్నదాన్ని, సరిగానే గుర్తించాడు, వర్గం చేయడం ఒక్కటే వదిలేశాడు.

నేను తరగతిలో సూత్రం రాయకముందే ‘ఈ లెక్కలో మారనిది ఏది?’ అని అడుగుతాను. పనివాళ్లు, రోజుల లెక్కల్లో ఆ రెండింటి లబ్ధం మారదు. ఇక్కడ మారనిది తీవ్రతను దూరం వర్గంతో గుణిస్తే వచ్చే లబ్ధం, అంటే 8 × 9 = 72. దానిని 6 వర్గమైన 36తో భాగిస్తే 2 వస్తుంది.

వర్గమే ఎందుకన్నది పిల్లలకు తప్పక చెప్పాలి. దీపం నుంచి బయలుదేరిన కాంతి రెట్టింపు దూరం చేరేసరికి పొడవులోనూ వెడల్పులోనూ రెండేసి రెట్లు విస్తరిస్తుంది కాబట్టి, ఒక గడిపై పడిన వెలుగే అక్కడ నాలుగు గడులకు సర్దుకోవాలి. గ్రాఫు కాగితం మీద ఒక గడిని, దాని పక్కన నాలుగు గడుల చతురస్రాన్ని గీయించి చూడండి; సూత్రాన్ని పదిసార్లు వల్లెవేయించడం కంటే ఇది ఎంతో మేలు.

లెక్కను తిరగేసి, 18 లక్స్ తీవ్రత ఎంత దూరంలో ఉంటుందని అడిగితే, చాలామంది 72ను 18తో భాగించి 4 మీటర్లని రాసి ఆపేస్తారు. ఆ 4 దూరం కాదు, దూరం వర్గం. వర్గమూలం తీస్తే జవాబు 2 మీటర్లు.

శాతాల లెక్కల్లో భిన్నాలు వాడటమే సుఖం. దూరం 25 శాతం పెరిగితే అది 5/4 రెట్లవుతుంది, తీవ్రత 16/25 వంతుకు దిగుతుంది, అంటే 36 శాతం తగ్గుతుంది.

గురుత్వాకర్షణ కూడా ఇలాగే దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది, కానీ ఆ లెక్కల్లో ఇంకొక జాగ్రత్త అవసరం. భూమి వ్యాసార్ధం సుమారు 6,400 కిలోమీటర్లు. ఉపరితలం నుంచి అంతే ఎత్తుకు వెళ్లినప్పుడు గురుత్వ త్వరణం ఎంత అని అడిగితే, దూరాన్ని భూకేంద్రం నుంచి కొలవాలి. అప్పుడది 12,800 కిలోమీటర్లు, అంటే రెట్టింపు అవుతుంది కనుక, ఉపరితలం మీది విలువైన 9.8లో నాలుగో వంతు, 2.45 మీటర్లు ప్రతి సెకను వర్గానికి అని వస్తుంది.