నలభైకి చేరువలో కత్తెర పట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 39 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో చాలాకాలంగా అకౌంట్స్ చూస్తున్నాను. ఇంట్లో ఆడపిల్లలందరికీ జడలు వేయడం, జుట్టు కత్తిరించడం చిన్నప్పటి నుంచీ నాకు ఇష్టమైన పని. ఉద్యోగం మానేసి సొంతంగా లేడీస్ సెలూన్ పెట్టాలనుకుంటున్నాను. దాచుకున్న డబ్బు 8 లక్షలు ఉంది. పని తెలిసినవాళ్లను జీతానికి పెట్టుకుని వెంటనే మొదలుపెట్టమని స్నేహితురాలు అంటోంది. ‘మన ఇళ్లల్లో ఎవరూ చేయని పని’ అని మా అత్తగారు బాధపడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తప్పకుండా చేయవచ్చు. అయితే మీ స్నేహితురాలి సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. సెలూన్‌కు వచ్చే మనిషి మొదటిసారి బోర్డు చూసి వస్తుంది; చేసిన చేయి నచ్చితేనే రెండోసారి వస్తుంది. ఆ చేయి మీరు జీతమిచ్చి పెట్టుకున్న అమ్మాయిదైతే, ఆమె పక్క వీధిలోని మరో సెలూన్‌కు మారిన రోజున మీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆమె వెంటే వెళ్లిపోతారు. మీకు అద్దె, కరెంటు బిల్లు, ఖాళీ కుర్చీలు మిగులుతాయి. యజమానికి స్వయంగా పని వచ్చినప్పుడు ఎవరు మానేసినా ఆ రోజు పని ఆగదు; కొత్తగా చేరినవారి చేతిలోని లోపాన్ని కూడా అక్కడికక్కడే సరిదిద్దగలుగుతారు.

కాబట్టి ముందు నేర్చుకోండి. పదో తరగతి పాసైనవారికి ఐటీఐలలో ఏడాది కాలపు కాస్మెటాలజీ కోర్సు ఉంది. ప్రైవేటు అకాడమీలో చేరదలిస్తే ఫీజు కన్నా ముందు, మనుషుల జుట్టు మీద ఎంత పని చేయనిస్తారో అడగండి. డమ్మీ తల మీద కుదిరిన కటింగ్ మనిషి తల మీద కుదరదు. ఉదాహరణకు, తడిసిన జుట్టు సాగుతుంది. ఉంగరాల జుట్టును తడి మీద భుజం దాకా కొలిచి కత్తిరిస్తే, ఆరిన తరువాత అది చుట్టుకుని పైకి లేచి చెంప దగ్గర ఆగుతుంది. పాయను రెండు వేళ్ల మధ్య ఎంత బిగించి పట్టుకున్నారన్నదాన్ని బట్టి కూడా పొడవు మారిపోతుంది. ఇవన్నీ తెలిసినవారి పక్కన నిలబడి, వారు చెబుతుండగా చేస్తేనే చేతికి వస్తాయి. అందుకే కోర్సు పూర్తయ్యాక, జీతం తక్కువైనా సరే, బాగా నడుస్తున్న సెలూన్‌లో కనీసం ఒక ఏడాది అసిస్టెంట్‌గా పనిచేయమని నా గట్టి సలహా.

వయసు ఇబ్బంది పెట్టేది అక్కడే. తలలు కడగడంతో, నేల మీద పడిన జుట్టు ఊడ్వడంతో పని మొదలవుతుంది. మీకన్నా పదిహేనేళ్లు చిన్నదైన సీనియర్ చెప్పినట్టు నడుచుకోవలసి వస్తుంది. ఇన్నాళ్లూ కూర్చుని పనిచేసిన మీకు రోజంతా నిలబడటం వల్ల నడుము, పాదాలు, మణికట్టు నొప్పి పెడతాయి. ఈ రెండింటికీ మనసును సిద్ధం చేసుకుంటే మిగిలినదంతా సాధనతో వస్తుంది.

రసాయనాల విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. చాలా హెయిర్ డైలలో ఉండే పీపీడీ అనే పదార్థం కొందరికి తీవ్రమైన అలర్జీ తెప్పిస్తుంది. రంగు వేయడానికి 48 గంటల ముందు చెవి వెనుకో మోచేతి లోపలి వైపో కొద్దిగా రాసి చూడాలి. ‘రేపే పెళ్లి, ఏమీ కాదు, వేసేయండి’ అని ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకండి. జుట్టును నిటారు చేసే కొన్ని కెరటిన్ ట్రీట్‌మెంట్లలో వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన వాయువు వెలువడుతుంది. రోజూ దాన్ని పీల్చేది మీరూ మీ సిబ్బందీ కనుక, సీసా మీద రాసి ఉన్నది చదవకుండా, గదిలోకి గాలి ఆడే ఏర్పాటు లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

మీ అత్తగారి బాధను కొట్టిపారేయకండి, కానీ దానికి తలవంచవద్దు. తరతరాలుగా ఈ విద్యను నిలబెట్టిన నాయీబ్రాహ్మణులే మన పెళ్లిళ్లలో, గుడులలో సన్నాయి, డోలు వాయించారు. ఆ ఇళ్ల ఆడవాళ్లు ఎన్నో ఊళ్లలో మంత్రసానులుగా పురుళ్లు పోశారు. శుభానికీ ఆపదకూ ముందు పిలిచినవారి వృత్తిని చిన్నచూపు చూడటం న్యాయం కాదని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి. మీరు నేర్చుకోబోయే చోట ఆ కుటుంబాల నుంచి వచ్చినవారుంటే, వారిని గురువులుగా గౌరవించండి.

ఇక డబ్బు. 8 లక్షలూ ఇంటీరియర్‌కు, అద్దాలకు పోయడం చాలామంది చేసే పొరపాటు. ఆరు నెలల అద్దె, జీతాలు విడిగా బ్యాంకులో ఉంచి, మిగిలిన దానిలో రెండు కుర్చీలతో మొదలుపెట్టండి. తక్కువ పడితే హామీ ఆస్తి అడగకుండా ఇచ్చే ముద్ర పథకంలో, కిశోర్ విభాగం కింద 5 లక్షల వరకూ రుణానికి దరఖాస్తు చేయవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ సేవలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే సరుకు మీద మీరు కట్టే పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు చెల్లించాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకునే వీలు) రాదు కనుక, దాన్ని ఖర్చులోనే కలిపి మీ ధరలు నిర్ణయించుకోండి. అకౌంట్స్ తెలిసిన మీకు ఇది కష్టం కాదు. ఈ లెక్క వేసుకోకుండా సెలూన్ తెరిచేవారికన్నా మీరు ఒక అడుగు ముందే ఉన్నారు.

షాపుకు అడ్వాన్స్ ఇచ్చే ముందు రోజంతా నీళ్లు వస్తాయో లేదో, తల కడిగే బేసిన్‌కు డ్రైనేజీ ఉందో లేదో, ఏసీ, గీజరు, రెండు డ్రైయర్లు ఒకేసారి నడిచేంత కరెంటు లోడు ఉందో లేదో స్వయంగా చూసుకోండి.