బార్న్స్ మీద నీ వ్యాసం చదివాక

తమ్ముడూ,

పాతకాలపు ఇంగ్లండ్ బౌలర్ సిడ్నీ బార్న్స్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చెయ్యి తిరుగుతోంది, సంతోషం. కానీ మూడో పేరాలో "అంతటి బౌలరూ మైనర్ కౌంటీలో మగ్గిపోయాడు" అన్నావు చూడు, అక్కడ పంటి కింద రాయి తగిలింది. మైనర్ కౌంటీ అంటే ఇంగ్లండ్ దేశవాళీ క్రికెట్‌లో పెద్ద కౌంటీల కింది అంచె జట్టు, అంతే.

మగ్గిపోయాడని నీకెవరు చెప్పారు? 1901లో ఆయన బర్న్‌లీ క్లబ్బుకు లీగ్ మ్యాచ్‌లు ఆడుకుంటుంటే ఇంగ్లండ్ కెప్టెన్ మెక్‌లారెన్ పిలిచి ఏకంగా ఆస్ట్రేలియా టూరుకు తీసుకెళ్లాడు. తిరిగొచ్చి రెండు సీజన్లు పెద్ద కౌంటీ లాంకషైర్‌కు ఆడాడు. 1903 తర్వాత జీతం దగ్గర పేచీ వచ్చి బయటికొచ్చేశాడు. పెద్ద కౌంటీ అంటే వేసవంతా వారానికి ఆరు రోజుల చాకిరీ. శనివారం లీగ్ మ్యాచ్ డబ్బు, మిగతా రోజుల్లో గుమాస్తా పని, వీలున్నప్పుడు సొంత కౌంటీ స్టాఫర్డ్‌షైర్ తరఫున ఆట, నువ్వన్న మైనర్ కౌంటీ ఇదే. లెక్కేసుకున్నాడు, ఇదే గిట్టింది.

ఈ లెక్క నీ వ్యాసంలో లేదు. డబ్బు సంగతి రాయడానికి మనకెందుకో మొహమాటం. బార్న్స్‌కు లేదు. 1913-14లో దక్షిణాఫ్రికా మీద 4 టెస్టుల్లో 49 వికెట్లు తీసి, తగువొచ్చి అయిదోది ఆడనని కూర్చున్న మనిషాయన. ఒక సిరీస్‌లో అన్ని వికెట్లు ఇప్పటికీ ఇంకెవరికీ రాలేదు.

ఇంకో సంగతి. ఆయన ఆడిన 27 టెస్టుల్లో 23 స్టాఫర్డ్‌షైర్ ఆటగాడిగా ఉంటూ ఆడినవే. 1911 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో పొద్దున్నే ఆస్ట్రేలియా టాప్ ఆర్డర్‌ను కూల్చిన రోజు కూడా ఆయన మైనర్ కౌంటీ వాడే. స్టాఫర్డ్‌షైర్‌కు 1,441 వికెట్లు, ఒక్కో వికెట్‌కు ఇచ్చింది సగటున 8.15 పరుగులే. చివరి సీజన్ 1935, అప్పటికి 62 ఏళ్లు. అంతకు ఏడేళ్ల ముందు లాండుడ్నోలో వేల్స్ తరఫున వెస్టిండీస్ మీద 12 వికెట్లు తీశాడు. దీన్ని మగ్గడం అంటారా?

నిన్ను దెప్పడం కాదులే. నీ వయసులో నేనూ ఒక బుర్రకథ కళాకారుడి గురించి "పల్లెలకే పరిమితమైపోయారు" అని రాశాను. ఆయన మనవడి చేత చదివించుకుని, "ముప్ఫై ఏళ్లు నాకు అన్నం పెట్టిందెవరనుకున్నావు బాబూ?" అన్నాడు. ఇంకేమీ అన్లేదు. నేను రాసిన ఆ జాలి మాట ఇప్పటికీ నా పాత ఫైల్లో అచ్చులో ఉంది.

నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన చోటుకు మళ్లీ వెళ్లు: ఆయన చేతిరాత. ఎనభై దాటాక కూడా కౌంటీ ఆఫీసులో దస్తావేజులు అందంగా రాసిపెట్టేవాడు. 1957లో ఎలిజబెత్ రాణి స్టాఫర్డ్‌కు వస్తే ఆ సందర్భపు పత్రం ఆయన చేతే రాయించారు. బంతిని అటూ ఇటూ తిప్పిన ఆ వేళ్లే, కలం పట్టుకుని, అక్షరం తర్వాత అక్షరం. నేనైతే వ్యాసం అక్కణ్నుంచి ఎత్తుకుంటాను.

మూడో పేరా కొట్టేసి మళ్లీ పంపు. ఈసారి ఫాంటు కాస్త పెద్దది పెట్టు, నా కళ్లద్దాలు మార్చే వేళయింది.

మీ అన్నయ్య